పక్కవాళ్ళ మనవి

తబితా బియ్యం చూడకుండా ఏరుతుంది. చేటలో పల్చగా పరిచి నాలుగు వేళ్ళూ మెల్లగా లాగుతుంది. రాయి తగిలితే వేలు ఆగుతుంది. ఆ రాయి తీసి రేకు డబ్బాలో వేస్తుంది. మొహం మాత్రం బయటికి, చెరకు తోటల వైపు తిరిగి ఉంటుంది. చూసినవాళ్ళు అది ఆమె పనితనం అనుకునేవారు.

రెండేళ్ళుగా అది పనితనం కాదు.

అనకాపల్లి నుంచి చోడవరం వెళ్ళే రోడ్డు మీద దిగి, పొలాల్లోకి మైలున్నర నడిస్తే ఆ పేట వస్తుంది. నలభై గడపలు, ఒక చర్చి, ఒక బడి. తబితా అక్కడే పుట్టింది. తల్లి చెరకు కొట్టే పనికి వెళ్ళేది. తబితా ఆకులు కట్టలు కట్టేది. పదహారో ఏట పరదేశితో పెళ్ళయింది. అతను అనకాపల్లి బెల్లం మార్కెట్లో కళాసీ. పొద్దున్నుంచీ దిమ్మలు మోసి ఇంటికొచ్చి చొక్కా విప్పి గుంజకి తగిలిస్తే దానికి చీమలు పట్టేవి. అతను జ్వరంతో పోయాక కూడా పది రోజుల వరకూ ఆ గుంజకి చీమలు వస్తూనే ఉన్నాయి. తబితా వాటిని తుడవలేదు.

ఒక్కతే కూతురు. కోటవురట్లలో కాపురం.

ఒక్క మనిషికి వండుకోవడం తబితాకి చేతకాలేదు. గ్లాసుడు బియ్యం పోద్దామనుకుంటే చెయ్యి మూడు గ్లాసులు పోసేది. మిగిలింది గిన్నెలో పెట్టుకుని పక్కింటికీ ఎదురింటికీ ఇచ్చి వచ్చేది. అందుకే బడిలో మధ్యాహ్నం అన్నం పెట్టడం మొదలైనప్పుడు, వంట ఎవరు చేస్తారని హెడ్మాస్టరు సన్యాసిరావు అడిగితే, పేటంతా ఆమె వైపే చూసింది.

నలభై రెండు మంది పిల్లలు. ఐదు తరగతులు. ఒక్క మాస్టరు. బడి వెనక రేకుల పాక. అందులో రెండు పొయ్యిలు. తబితా పొద్దున్న తొమ్మిదికి వెళ్ళి పొయ్యి రాజేస్తే, పన్నెండున్నరకి పిల్లలు వరసగా కూర్చునేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉండేది. ఆ నాలుగేళ్ళలో ఒక్కరోజు కూడా అన్నం చల్లారలేదు. ఆమె జీవితంలో ఇంతకంటే బాగా జరిగిన పని మరొకటి లేదు.

ముందు కుడి కంట్లో, పాలు విరిగినట్టు తెల్లగా ఏదో అడ్డం వచ్చింది. తర్వాత ఎడమ కంట్లో. అనకాపల్లిలో కంటి క్యాంపు పెడితే వెళ్ళింది. శుక్లాలన్నారు. ఆపరేషను చెయ్యాలి, ఆ తర్వాత రెండు నెలలు పొయ్యి దగ్గరికి, పొగ దగ్గరికి వెళ్ళకూడదన్నారు. కాగితం రాసిచ్చారు. తబితా ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టింది. మళ్ళీ వెళ్ళలేదు.

రెండు నెలలు పొయ్యి వదిలితే ఆ పొయ్యి మళ్ళీ తనకి రాదు. ఈ సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. పై ఊరి బడిలో వంట చేసే ఆమెకి చేతులకి గజ్జి వస్తే, అప్పుడు ఆ బడి కూడా చూస్తున్న సన్యాసిరావే వారం తిరక్కుండా మాన్పించాడు. ఆమె చేతులు నయమయ్యాయి. పని మాత్రం తిరిగి రాలేదు. సన్యాసిరావు చెడ్డవాడు కాదు. పిల్లల తిండి దగ్గర మొహమాటం లేనివాడు.

అందుకని తబితా నేర్చుకుంది. ఉడుకుతున్న చప్పుడుని బట్టి అన్నం. వాసనని బట్టి పోపు. పాకలో గోడ నుంచి పొయ్యికి ఎన్ని అడుగులో, పొయ్యి నుంచి నీళ్ళ బానకి ఎన్ని అడుగులో. ఈ సంగతి తెలిసింది ఒక్క సుజికే.

సుజి ఎదురింటి కోడలు. ముప్పై ఏళ్ళుంటాయి. నోరు పెద్దది. తబితాని అక్క వరసన "అప్పా" అంటుంది.

డిసెంబరులో ఒకరోజు, గిన్నెలు తోమడానికి తెచ్చిన బట్టల సోడా డబ్బా ఉప్పు డబ్బా పక్కనే ఉండిపోయింది. తబితా ఉప్పనుకుని పిడికెడు తీసి పప్పులో వేసింది. పప్పు బుస్సుమని పొంగింది. ఆ చప్పుడు విని ఆమె గిన్నె దించేసింది. పప్పంతా తీసుకెళ్ళి చెరకు చేను గట్టు మీద పారబోసింది. సన్యాసిరావుతో పప్పు అడుగంటిందని చెప్పింది. ఆ రోజు పిల్లలు చింతపండు చారుతో అన్నం తిన్నారు.

సాయంత్రం సుజి ఇంటికొచ్చేసరికి తబితా పొయ్యి వెలిగించకుండా కూర్చుని ఉంది.

"ఏటయింది అప్పా?"

తబితా చెప్పింది.

సుజి విని పక్కన కూర్చుంది. తర్వాత అంది: "పొంగింది కాబట్టి సరిపోయింది. పొంగనిది ఏదైనా పడుంటే?"

"సెప్పకు ఎవరికీ."

"నేను సెప్పను. నువ్వే సెప్పాల."

"సెప్తే పొయ్యి పోద్ది."

"సెప్పకపోతే ఏటి పోద్దో నువ్వే సూసుకో."

ఆ పేటలో శుక్రవారం సాయంత్రాలు ఇళ్ళల్లో ప్రార్థన జరుగుతుంది. వారానికో ఇల్లు. చాపల మీద గుండ్రంగా కూర్చుంటారు. అక్కడొక పద్ధతి ఉంది. ఎవరి మనవి వాళ్ళు చెప్పుకోరు. ఎడమ పక్కన కూర్చున్నవాళ్ళు చెప్పాలి. ముందే ఆ పక్కవాళ్ళ చెవిలో తమ సంగతి చెప్పుకుంటారు. సంఘపెద్ద హనోకు తండ్రి కాలంలో పెట్టిన పద్ధతి అది. ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకుంటే అంతుండదు, పక్కవాడి సంగతైతే మనిషి రెండు ముక్కల్లో ముగించేస్తాడు అని ఆయన లెక్క. అది నిజమే అయింది.

తబితాకి ఎడమ పక్కన ఎప్పుడూ సుజి కూర్చుంటుంది. రెండేళ్ళుగా ప్రతి శుక్రవారం సుజి ఒకటే చెబుతోంది: "మా తబితప్ప మోకాళ్ళ నొప్పులు తగ్గాలని." తబితా మోకాళ్ళకి ఏ నొప్పీ లేదు. మైలున్నర నడిచి రోడ్డెక్కుతుంది.

"దేవుడికి అబద్ధం సెప్పిత్తన్నావు నా సేత," అంటుంది సుజి ఇంటికి వెళ్తూ. "నీకు నిజంగానే మోకాళ్ళు పట్టేత్తే నన్ననకు."

రెండువేల ఏడు జనవరి ఆఖర్న, హైదరాబాదులో బడ్జెటు పెట్టేముందు జనం మాట వినాలని ఎమ్మెల్యే వరప్రసాదరావు బయల్దేరాడు. మొదటిరోజు అనకాపల్లిలో షామియానా వేసి, మైకు పెట్టి విన్నాడు. వచ్చినవాళ్ళందరూ రోడ్లు అడిగారు. రోడ్లు వేసే కంట్రాక్టర్లే ముందు వరసలో కూర్చుని అడిగారు. రెండో రోజుకి ఆయన గొంతు పోయింది. ఇక మైకు వద్దు, చిన్న ఊళ్ళకి వెళ్తాను, మనిషికొక్క మాట వింటాను అన్నాడు.

అలా ఒక ఆదివారం ఈ పేటకి వచ్చాడు. ఆరాధన అయిపోయింది. చర్చి ముందు పందిరి కింద హనోకు చాపలు పరిపించాడు. అలవాటు కొద్దీ గుండ్రంగా పరిపించాడు. గుండ్రంగా కూర్చున్నాక ఆ జనానికి వేరే పద్ధతి తెలీదు. ఆ సంగతి అప్పుడు ఎవరూ ఆలోచించలేదు.

చెప్పింది రాయడానికి సన్యాసిరావుని రమ్మన్నారు. ఆయన చేతిరాత బాగుంటుంది. అట్ట మీద తెల్లకాగితాలు బిగించుకుని వచ్చి, తబితాకి కుడి పక్కన ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నాడు. సుజి మంచినీళ్ళు తేవడానికి లేచింది. ఆమె బిందెతో తిరిగి వచ్చేసరికి ఎమ్మెల్యే, తన కోసం వేసిన కుర్చీ వదిలేసి, సుజి లేచిన చోట్లో కూర్చుని ఉన్నాడు. మెడకి మఫ్లరు. ఇటు పక్క తబితా. సుజి చేసేది లేక ఆయనకి అటు పక్కన కూర్చుంది.

తబితాకి ఆయన తెల్లటి మరకలా కనిపించాడు. కుడి పక్కన కాగితం చప్పుడు వినిపిస్తోంది. అది సన్యాసిరావుదని ఆమెకి తెలుసు.

"ప్రభుత్వం ఈ ఏడు డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో మీరు చెప్పండి," అన్నాడు ఎమ్మెల్యే. గొంతు గరగరలాడింది. "మనిషికి ఒక్క మాట."

హనోకు లేచాడు. కుడి పక్కన కూర్చున్న ఇమ్మాన్యుయేల్ భుజం మీద చెయ్యి వేశాడు.

"మా ఇమ్మాన్యుయేలు తాగుడు మానాల బాబూ."

అందరూ నవ్వారు. ఇమ్మాన్యుయేల్ తల వంచుకున్నాడు.

"పెద్దయ్యా, అది బడ్జెట్లోకి రాదు," అన్నాడు ఎమ్మెల్యే.

"ఏం రాదు బాబూ? ఆడు తాగితేనే గదా తమరి బడ్జెట్లోకి సొమ్మొచ్చేది. బ్రాందీ కొట్టు మూయించండి. రాయండి సారూ."

సన్యాసిరావు రాశాడు.

ఇమ్మాన్యుయేల్ లేచాడు. "పెద్దయ్య నన్నన్నాడు, సరే. నేను సుజి గురించి సెప్తాను. దాని మొగుడు పరవాడ కంపెనీలో పన్జేత్తన్నాడు. కంపెనీ బస్సు మెయిన్ రోడ్డు దాటి లోపలికి రాదు. వానాకాలం బురదలో చెప్పులు సేత్తో పట్టుకుని వత్తాడు. రోడ్డెయ్యాల."

అప్పుడు ఎమ్మెల్యేకి అర్థమైంది.

"మీరంతా పక్కవాళ్ళ గురించే చెబుతున్నారేం?"

"మా దగ్గర అంతే బాబూ," అన్నాడు హనోకు. అప్పటికి ఆయనకీ తట్టింది, ఇది ప్రార్థన కాదని. కానీ మధ్యలో ఆపడం బాగుండదనిపించింది. "ఎవుడిది ఆడు సెప్పుకోకూడదు. పక్కోళ్ళు సెప్పాల."

సుజి లేచింది. ఆమెకి కుడి పక్కన ఉన్నది ఎమ్మెల్యే. ఒక్క క్షణం ఆయన్ని కిందనుంచి మీదకి చూసింది.

"ఈ బాబు గొంతు పోయింది. రేపు హైదరాబాదు యెల్లి మా సంగతి సెప్పాల. ఈ గొంతుతో సెప్తే అక్కడోళ్ళకి ఏటి వినపడతాది? మిరియాలు, బెల్లం యేసి కషాయం తాగాల. మన బెల్లమే. అంతే."

పందిరంతా నవ్వింది. ఎమ్మెల్యే కూడా నవ్వి, దగ్గాడు.

"రాయమంటారా సార్?" అన్నాడు సన్యాసిరావు.

"రాయండి మాస్టారూ."

ఇక ఆయన వంతు. అందరూ చూస్తున్నారు. ఆయన తబితా వైపు తిరిగాడు.

"ఈమె గురించి నాకేం తెలుసు?"

"మాకూ తెలీదు బాబూ," అన్నాడు హనోకు. "అడిగి తెలుసుకుంటాం."

ఆయన ఆమె వైపు వంగాడు. నాలుగు రోజులుగా ఎంతోమందిని అడిగిన ప్రశ్నే అడిగాడు. కానీ ఈసారి మెల్లగా, ఒక్క మనిషికి వినిపించేలా.

"ఏం చెప్పమంటారమ్మా?"

ఆయన వెనకనుంచి సుజి తల పెట్టింది. "మోకాళ్ళు బాబూ. మోకాళ్ళ నొప్పులు."

తబితా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పందిరి మీద కొబ్బరాకులు కదులుతున్నాయి. దూరంగా ఎవరిదో బెల్లం పాకం ఉడుకుతోంది. ఇంకాస్త ఉంటే ముదిరిపోతుందని ఆమెకి వాసనలో తెలిసింది. పక్కన కాగితం తిప్పిన చప్పుడు.

మోకాళ్ళు అంటే సరిపోతుంది. రేపు సోమవారం. పొద్దున్న తొమ్మిదికి పొయ్యి. నలభై రెండు మంది. మళ్ళీ ఏ డబ్బా పక్కన ఏ డబ్బా ఉంటుందో.

ఆమె ఎమ్మెల్యే చెవి ఉన్న వైపుకి వంగింది.

"మోకాళ్ళు బాగున్నాయి బాబూ. కళ్ళు కనపడవు. బడిలో పిల్లలకి వండుతాను. ఇటేపు కూకున్న సారుకి తెలీదు. మొన్న పప్పులో సోడా యేసేను."

ఎమ్మెల్యే వెంటనే నిటారుగా కూర్చోలేదు. అలాగే వంగి ఉన్నాడు.

"చెప్పమంటారా?"

"ఇన్నాళ్ళూ నాకోసం ఈ సుజి అబద్ధం సెప్పింది. ఇయాళ తమరు కూకున్నారు ఆ సోట్లో. సెప్పండి."

ఆయన లేచాడు. ఉపన్యాసాలు అలవాటైన మనిషి. కానీ అప్పుడు మాటలు వెతుక్కున్నాడు.

"ఈమె పేరు..." కిందకి చూశాడు.

"తబితా," అంది సుజి.

"తబితమ్మగారికి రెండు కళ్ళూ కనిపించడం లేదు. బడిలో వంట చేస్తారు. వంట పోతుందని ఇన్నాళ్ళూ చెప్పలేదు. పిల్లలకి ఏమైనా అవుతుందని ఇప్పుడు చెప్పమన్నారు. కళ్ళు బాగవ్వాలి."

కూర్చోబోతూ అన్నాడు: "బాగయ్యాక వంట ఆమెకే ఉండాలి. ఈ మాట ఆమె చెప్పలేదు. నేను చెబుతున్నాను."

ఎవరూ నవ్వలేదు. కుడి పక్కన కలం చప్పుడు ఆగిపోయింది. తబితా ఆ చప్పుడు కోసం ఎదురుచూసింది. అది మళ్ళీ మొదలవలేదు.

ఇప్పుడు ఆమె వంతు. కుడి పక్కన ఉన్న మనిషి గురించి చెప్పాలి. ఆమె లేచింది. చేత్తో తడిమి సన్యాసిరావు చేతిలోని అట్ట అంచు పట్టుకుంది.

"మా సారుకి ఐదు క్లాసులు. ఒక్కరే. ఒక క్లాసుకి లెక్కలు సెప్తా ఉంటే ఇంకో క్లాసు అల్లరి. కేకలేసి కేకలేసి మధ్యాన్నానికి గొంతు రాదు. పిల్లలందరూ తిన్నాక, గిన్నెలో ఉంటే తింటారు. లేకపోతే లేదు. నేనే ముందు అట్టేపెట్టి, మిగిలింది సారూ అని అబద్ధమాడి ఇత్తాను. మా సారుకి ఇంకో మాస్టర్ని ఇయ్యాల."

ఆమె కూర్చుంది. చాలాసేపటికి కలం కదిలిన చప్పుడు వినిపించింది. కాగితం మీద ముందు ఏది రాశాడో, ఆమె కళ్ళ సంగతో తన సంగతో, ఆమెకి తెలీదు.

వరస ముందుకి సాగింది. సన్యాసిరావు కూడా తన కుడి పక్కన కూర్చున్న ముసలామెని అడిగి, బోరు బాగు చేయించాలని చెప్పాడు. ఎండ పందిరి దాటే వేళకి ఎమ్మెల్యే జీపెక్కాడు.

జనం లేచిపోయాక సన్యాసిరావు తబితా దగ్గరికి వచ్చాడు.

"రేపట్నుంచి వంట చెయ్యొద్దు."

"సిత్తం బాబూ."

"చెప్పి ఉండాల్సింది."

"ఔను బాబూ."

"డిసెంబరులో పప్పు అడుగంటిందన్న రోజు అది మాడలేదని నాకు తెలుసు. మాడిన వాసన రాలేదు. అడుగుదామనుకున్నాను. అడగలేదు." ఆయన అట్ట చంకలో పెట్టుకున్నాడు. "తప్పు నాదీ ఉంది."

"సారూ," అంది సుజి. "అప్ప వచ్చేదాకా నేను వండుతాను. అప్ప పొయ్యికి దూరంగా కూకుని ఎలాగో సెప్తాది. కళ్ళు బాగయ్యాక నేను లేచిపోతాను."

"రాసిస్తావా?"

"నాకు రాయడం రాదు సారూ. మీ రాత బాగుంటాది గదా, మీరే రాసేసుకోండి. వేలిముద్ర ఏత్తాను."

ఆ సోమవారం తబితా బడి అరుగు మీద కూర్చుంది. పాకలో సుజి గిన్నెలు చప్పుడు చేస్తోంది. పన్నెండున్నరకి అన్నం అవలేదు. ఒంటిగంటకి అయింది. పిల్లల వరస చివర తబితాకి కూడా ఒక కంచం పెట్టారు. నాలుగేళ్ళలో ఆమె ఎప్పుడూ ఆ వరసలో కూర్చోలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఎలాగుంది అప్పా?"

"పప్పు ఇంకో పది నిముషాలు ఉడకాల."

"నలభై రెండు మంది తిన్నారు, ఒక్కళ్ళూ అన్లేదు."

"ఆళ్ళు సిన్నపిల్లలు."

పక్కన కూర్చున్న పిల్లలు కిసకిసలాడారు. సుజి గరిటెతో మరికాస్త పప్పు ఆమె కంచంలో వేసి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ఎడమ కంటికి ఆపరేషను అయింది. తేదీ వేయించిన చీటీ ఎమ్మెల్యే మనిషి తెచ్చి ఇచ్చాడు. కుడి కన్ను మళ్ళీ శీతాకాలానికి అన్నారు. ఆకుపచ్చ గుడ్డ కంటికి అడ్డం కట్టుకుని ఆమె ఇంట్లో కూర్చున్న రోజుల్లోనే హైదరాబాదులో బడ్జెటు పెట్టారు. మర్నాడు హనోకు పేపరు తెచ్చి ఆమె గుమ్మంలో కూర్చుని మొదట్నుంచీ చివరిదాకా చదివాడు. కోట్లు, వేల కోట్లు. పేట పేరు లేదు. బ్రాందీ కొట్టు సంగతి లేదు.

"ఇందులో మనం సెప్పింది ఏదీ లేదమ్మా," అన్నాడు హనోకు.

"మనది సిన్న మాట పెద్దయ్యా. ఇంత పెద్ద కాగితంలో ఎక్కడ పడతాది?"

రెండో మాస్టరు రాలేదు. ఎండాకాలం సెలవులయ్యాక రావికమతం వైపు నుంచి విద్యా వలంటీరుగా ఒక అమ్మాయి వచ్చింది. ఎవరు పంపారో, ఎందుకు పంపారో ఎవరికీ తెలీదు. సన్యాసిరావు మూడు తరగతులు ఆమెకి అప్పగించాడు. బోరు మాత్రం బాగయింది. రోడ్డు ఆ ఏడు పడలేదు.

జూన్ లో బడి తెరిచిన రోజు సుజి పాక తాళంచెవి తెచ్చి తబితా చేతిలో పెట్టింది. సన్యాసిరావు అరుగు మీదే నిలబడ్డాడు. తల ఊపాడు.

తబితా పాక తలుపు తీసింది. లోపలికి రెండడుగులు వేసి ఆగిపోయింది.

గోడ నల్లగా ఉంది. నలుపు పొరలు పొరలుగా పైకప్పు దాకా ఎక్కి, అక్కడనుంచి దారాల్లా వేలాడుతోంది. నీళ్ళ బాన మూత మీద మసి. రేకు డబ్బాల మీద వేళ్ళ గుర్తులు, పాతవన్నీ ఆమెవే. పొయ్యి గట్టు మీద పగుళ్ళు. ఆమె కడిగాననుకున్న పెద్ద గిన్నె లోపల, అంచు కింద, చుట్టూతా పసుపు గీత.

"ఇలాగుందా సుజీ?"

"ఇలాగే ఉంది అప్పా."

"మరి సెప్పలేదేటి?"

"ఏటి సెప్తాను? నువ్వు రోజూ కడిగేదానివి. సేతులు నొప్పెట్టేలా కడిగేదానివి. కనపడక వదిలేసిందే ఇది." సుజి పమిట నడుముకి దోపుకుంది. "నేనున్నన్నాళ్ళూ ఈ మసి ముట్టుకోలేదు. నీ పొయ్యి. నువ్వొచ్చి సూసుకుంటావని."

తబితా చీపురు తీసుకుంది. పైకప్పు నుంచి మొదలుపెట్టింది. మసి ఆమె జుట్టు మీద, భుజాల మీద రాలింది. ఆపరేషను చేసిన కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని దులిపింది. సుజి బోరు దగ్గర్నుంచి నీళ్ళు మోసింది. ఇద్దరూ కొబ్బరి పీచుతో గోడ రుద్దారు. కింద ఇటుకల ఎర్ర రంగు కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. ఒక ఇటుక మీద కట్టినప్పుడు ఏ తాపీ మేస్త్రీయో వేలితో గీసిన గీత ఉంది. ఆమె దాన్ని కాసేపు చూసింది.

పదకొండయింది. పొయ్యి ఇంకా వెలిగించలేదు. సన్యాసిరావు పాక గుమ్మం దాకా వచ్చాడు. గోడ చూశాడు. నల్లగా మసి పట్టిన ఇద్దరు ఆడవాళ్ళని చూశాడు. చేతి గడియారం చూసుకున్నాడు. వెనక్కి వెళ్ళి పిల్లల చేత ఇంకో లెక్క చేయించాడు.

ఆ రోజు అన్నం రెండింటికి అయింది.